ఎండిన చెట్టుకు దేవుడిచ్చిన పేరు

ధ్యాన భాగములు: యెషయా 56:1–8, అపొస్తలుల కార్యములు 8:26–40



ఈ మాసము మేము వ్రాయబోవు సంగతి మన సంఘములలో ఎవరును బాహాటముగా మాటలాడుకొననిది. గుసగుసలాడుదురు, లేదా నవ్వుకొందురు, అంతే. దేవుని గ్రంథమైతే ఈ సంగతిని గూర్చి గుసగుసలాడలేదు, స్పష్టముగానే పలికెను. కనుక మేమును దాచక వ్రాయుచున్నాము. తుదివరకు చదివి, ప్రార్థనాపూర్వకముగా ఆలోచించుడి. కన్నులు సరిగా కనబడని పెద్దలకు ఇంటిలోని పిల్లలు చదివి వినిపింతురు గాక.

సంతలలోను, రైలు పెట్టెలలోను, క్రొత్తగా తెరచిన అంగళ్లయొద్దను చప్పట్లు చరచి డబ్బు లడుగువారిని మీరందరు చూచియే యుందురు. పట్టణములలో వారిని హిజ్రాలనియు, ప్రభుత్వపు కాగితములలో ట్రాన్స్‌జెండరు వారనియు పిలుచుచున్నారు. మన పల్లెలలో వారిని పిలుచు మాటను ఈ పత్రికలో అచ్చువేయుటకు మాకు మనసొప్పదు. మగబిడ్డ పుట్టెనని ఇంటివారు చెప్పుకొనగా, పెరిగి పెద్దదియై తన అంతరంగమున తాను స్త్రీనని ఎరిగినవారు వీరిలో అనేకులు. ఆడపిల్లగా పెంచబడి, తాను పురుషుడనని ఎరిగినవారును కలరు. వీరు గాక, పైకి ఏ భేదమును కనబడక, పురుషుడై పురుషునియందును, స్త్రీయై స్త్రీయందును మనసు నిలుచువారు కొందరు మన నడుమనే బెంచీలమీదను చాపలమీదను కూర్చుండుచున్నారు. భయముచేత నోరు మెదపరు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో స్త్రీ పురుషులు గాక ఇతరులని వ్రాయబడినవారు దేశమంతట 4,87,803 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 43,769 మంది. వీరందరును ఒక్కొక్క తల్లి కన్న బిడ్డలే. వీరిలో కొందరు మన ఆదివారపు బడిలో బంగారు వాక్యములు వల్లించినవారే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చిన్న సంఘములో జరిగిన సంగతి చెప్పెదము. ఊరి పేరు అవసరము లేదు. మేమక్కడ ఉంటిమి, అది చాలును. ఆ సంఘములో కూలిపని చేసుకొను ఒక విధవరాలు ఉండెను. ఆమె రెండవ బిడ్డ చిన్ననాట క్రిస్మసు రాత్రులలో లైటు వెంట నడుచుచు ఇంటింట పాటలు పాడెడిది. గొంతు చక్కనిది. పదునాలుగేండ్ల ప్రాయమున ఆ బిడ్డ నడకను మాటను చూచి తోటి పిల్లలు ఎగతాళి చేసిరి, అన్న కొట్టెను, సంఘపెద్దలు తల్లిని పిలిపించి, కొడుకును అదుపులో పెట్టుకొనుమనిరి. ఒక తెల్లవారుజామున ఆ బిడ్డ ఇల్లు విడిచిపోయెను. పండ్రెండేండ్లు జాడ తెలియలేదు. తరువాత తల్లి జబ్బుపడి మంచము పట్టినది. పెద్దకొడుకును కోడలును పనులకు పోకున్న పొయ్యి వెలుగదు. ఆ సంగతి ఎట్లో విని ఆ బిడ్డ చీర కట్టుకొని, స్త్రీగా, ఇంటికి తిరిగివచ్చి తల్లిని నాలుగు మాసములు చూచుకొనెను. తల దువ్వి, పక్కబట్టలు ఉతికి, గంజి త్రాగించి, రాత్రులు కీర్తనలు పాడి నిద్రపుచ్చెను.

తల్లి కొంచెము కోలుకొని, ఈస్టరు పండుగనాడు ప్రభువు బల్లయొద్దకు రాగోరెను. బిడ్డ ఆమెను పట్టుకొని గుడి మెట్లవరకు నడిపించుకొని వచ్చెను. అక్కడ ఒక పెద్ద ఎదురుగా వచ్చి, “అమ్మను మేము లోనికి తీసికొని పోయెదము. నీవు బయటనే ఉండు. లోపలివారు ఏమనుకొందురు?” అనెను. ఆ బిడ్డ మారుపలుకక వేపచెట్టు క్రిందికి పోయి నిలిచెను. సంస్కార సమయమున తల్లి రొట్టె చేత పుచ్చుకొని, సగము తిని, తక్కిన సగము కొంగున ముడివేసికొనెను. ఆరాధన ముగిసినపిమ్మట వేపచెట్టు క్రిందికి పోయి, ముడి విప్పి, ఆ ముక్కను బిడ్డ నోట పెట్టెను. బల్ల రొట్టెను అట్లు బయటికి తీసికొనిపోరాదని ఎవరో గొణిగిరి. ఆ రొట్టెను విరిచిన చేతులు మావే. మేము గుమ్మమున నిలిచి చూచితిమి, ఏమియు పలుకలేదు. బోధకులమైన మాకు ఆ దినమున చదువురాని ఆ తల్లియే బోధించెను.

అది మొదలు మేము పైని చెప్పిన రెండు లేఖన భాగములను మరల మరల చదువుచు వచ్చితిమి. చదివినదానిని మీతో పంచుకొనుచున్నాము.

ఐతియొపీయుల రాణియైన కందాకే కొలువులో ధనాగారమంతటిమీద అధికారియైన ఒకడు ఆరాధించుటకై యెరూషలేమునకు వచ్చెను. అది వేయి మైళ్లకు పైబడిన ప్రయాణము. లూకా అతని పేరు వ్రాయలేదు. నపుంసకుడని మాత్రము అయిదు మారులు వ్రాసెను. ఆ కాలపు రాజులు అంతఃపురములలోను ధనాగారములలోను నమ్మకముగా పనిచేయించుకొనుటకై బాలురను చిన్నతనముననే అంగహీనులను చేయించుచుండిరి. నేడు మనము చూచు హిజ్రాలును ఆ నపుంసకులును అన్ని విధముల ఒక్కటేయని మేము చెప్పుటలేదు. అయినను పురుషులలో లెక్కింపబడక, స్త్రీలలో లెక్కింపబడక, నడుమ నిలువవలసిన దుఃఖము ఇద్దరికిని ఒక్కటే.

అట్టివాడు యెహోవా సమాజములో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము మొదటి వచనములో నున్నది. అతడు అంతదూరము బండిలో వచ్చి, లోపలికి పోవుటకు వల్లగాక, వెలుపలనే మ్రొక్కి తిరిగిపోవుచుండెనేమో! అయినను దేవునిమీద అలిగి గ్రంథమును పారవేయలేదు. రథములో కూర్చుండి యెషయా గ్రంథమును బిగ్గరగా చదువుకొనుచుండెను. తనను లోనికి రానియ్యని ఆలయపు దేవుని వాక్యమును విడువని ఆ భక్తిని మనము గమనింపవలెను.

అప్పుడు ఆత్మ ఫిలిప్పుతో ఆ రథమును కలిసికొనుమని చెప్పెను. ఫిలిప్పు పరుగెత్తెను. ఆ ఈస్టరునాడు మేము గుమ్మమున నిలిచితిమి, మా పెద్ద మెట్లమీద అడ్డముగా నిలిచెను. ఫిలిప్పు ఎండలో, ఎడారి త్రోవలో, ఒక నపుంసకుని బండివెంట పరుగెత్తెను. రథము ఎక్కి తన ప్రక్కను కూర్చుండుమని అడిగినవాడు కూడ ఆ నపుంసకుడే. మనము వారిని చేర్చుకొనవలెనని గొప్పగా చెప్పుకొందుము. ఇక్కడ ముందుగా చోటిచ్చినవాడు అతడు; ఆ చోటులో కూర్చుండుటకు సిగ్గుపడనివాడు ఫిలిప్పు.

నీళ్లు కనబడగానే అతడు ఒక్క ప్రశ్న అడిగెను: బాప్తిస్మము పొందుటకు తనకు ఆటంకమేమి అని. ఆ ప్రశ్న వెనుక జీవితకాలపు అనుభవమున్నది. ఎక్కడికి పోయినను ఏదో యొక ఆటంకము అతనికి ముందుగా వచ్చి నిలిచియుండును. గ్రీకు మూలములో ఆ మాట పుట్టిన ధాతువు గమనింపదగినది. చిన్నబిడ్డలను ఆటంకపరచవద్దని ప్రభువు శిష్యులను మందలించినప్పుడు (లూకా 18:16) ఆ ధాతువే. కొర్నేలీ యింట అన్యజనులకు నీళ్లను ఎవరు ఆటంకపరతురని పేతురు అడిగినప్పుడు (అపొ. కార్య. 10:47) ఆ ధాతువే. దేవుని ఆటంకపరచుటకు నేనెంతటివాడనని అతడు యెరూషలేము సంఘము నెదుట చెప్పినప్పుడు (11:17) ఆ ధాతువే. రోమాలో పౌలు ఏ ఆటంకమును లేక బోధించెనని పుస్తకము ముగియునప్పుడు (28:31) గ్రీకులో చివరి మాట ఆ ధాతువునుండి వచ్చినదే. కాబట్టి అపొస్తలుల కార్యములు ఒక్కొక్క ఆటంకము తొలగిన చరిత్రయని చెప్పవచ్చును. ఫిలిప్పు ఆ ప్రశ్నకు ఒక జాబితా చదువలేదు. ఇద్దరును నీళ్లలోనికి దిగిరి. ఆ నపుంసకుడు సంతోషించుచు తన త్రోవను పోయెను.

అతని చేతిలోని చుట్ట యెషయా 53వ అధ్యాయమునొద్ద తెరచియుండెను. ఇంకను మూడు అధ్యాయములు విప్పినయెడల అతడు తనకొరకే వ్రాయబడినదానిని చదివియుండును. నేను ఎండిన చెట్టునని షండుడు చెప్పుకొనకూడదని అక్కడ యెహోవా సెలవిచ్చెను. మన పల్లెలలో బిడ్డలు లేనివారిని ఏ మాటలతో పొడుచుదురో మీకు తెలియును. కొరివి పెట్టువాడు లేడందురు, వంశము అంతరించెనందురు, పేరు నిలుపువాడు లేడందురు. ఆ మాటలన్నిటికిని దేవుడు అక్కడ ఉత్తరమిచ్చెను. తన విశ్రాంతి దినమును ఆచరించి, తనకు ఇష్టమైనవాటిని కోరుకొని, తన నిబంధనను పట్టుకొను షండులకు తన యింటిలోనే, తన ప్రాకారములలోపలనే, కుమారులు కుమార్తెలు కలిగియుండుటకంటె మేలైన పేరును, ఎన్నటికిని కొట్టివేయబడని పేరును ఇత్తునని వాగ్దానము చేసెను. ఇంటి వెలుపల వేపచెట్టు క్రింద కాదు, లోపల. వారికి పెట్టిన నిబంధన అందరికిని పెట్టినదే; వారికొరకు వేరుగా బరువైన కాడి చేయించలేదు.

ఆ వాగ్దానమునకు వెనువెంటనే, తన మందిరము సమస్త జనులకు ప్రార్థన మందిరమగునని దేవుడు చెప్పెను. యేసు దేవాలయములో రూకలు మార్చువారి బల్లలను పడద్రోసినప్పుడు ఎత్తి చూపిన వాక్యమిదే (మార్కు 11:17). మనము ఆ వాక్యమును గుడి గోడమీద వ్రాసికొందుము. దానికి పైనున్న వచనములు ఎవరినిగూర్చి వ్రాయబడెనో చదువము.

ప్రభువు మరియొకచోట కూడ ఈ సంగతి ఎత్తెను. తల్లి గర్భమునుండియే అట్లు పుట్టినవారు గలరనియు, మనుష్యులచేత చేయబడినవారు గలరనియు, పరలోకరాజ్యము నిమిత్తము తమ్మును తాము అట్లు చేసికొన్నవారు గలరనియు ఆయన చెప్పెను (మత్తయి 19:12). వారిని చూచి ఆయన నవ్వలేదు, ఉమ్మి వేయలేదు, దయ్యము పట్టినదనలేదు. యిర్మీయా ప్రవక్తను యూదా అధిపతులే బురద గోతిలో దించిరి. కూషీయుడైన ఎబెద్మెలెకు అను నపుంసకుడే రాజునొద్దకు పోయి మనవి చేసెను. త్రాళ్లు చంకలను కోయకుండునట్లు పాతబట్టల పేలికలను ఏరి తెచ్చి, వాటిని చంకల క్రింద పెట్టుకొనుమని చెప్పి, ప్రవక్తను పైకి లాగించెను (యిర్మీయా 38). ఆ పేలికలను తలంచుకొన్న ప్రతిసారి, తల్లి పక్కబట్టలు ఉతికిన ఆ బిడ్డ చేతులే మాకు జ్ఞాపకము వచ్చును.

ఇక లోకము వీరికి ఏ పేరిచ్చెనో చూడుడి. హైదరాబాదు సంస్థానములో 1919లో, అనగా 1329 ఫసలీలో, నపుంసకులనుగూర్చి ఒక చట్టము చేసిరి. నేరము చేయుదురేమోయని అనుమానించినవారి పేర్లను, ఇండ్లను ఒక రిజిష్టరులో వ్రాసి యుంచవలెను. ఆ రిజిష్టరులో పేరున్నవారు ఆడబట్ట కట్టుకొని వీధిలో కనబడినను, ఆడిపాడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రాజ్యములు మారిపోయినను నూరేండ్లకు పైగా ఆ చట్టము పుస్తకములలో నిలిచియుండెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసెను. అంతకు ముందు 2014 ఏప్రిల్ 15న సుప్రీముకోర్టు, వీరిని స్త్రీ పురుషులు గాక మూడవ లింగముగా గుర్తింపవలెననియు, రాజ్యాంగములోని హక్కులన్నియు వీరికిని చెందుననియు తీర్పు చెప్పెను. యుక్తవయస్కులు ఇద్దరు తమ ఇష్టముతో కలిసియున్నందుకు, ఇద్దరును ఒకే లింగమువారైనంతమాత్రమున నేరస్థులు కారని 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు తీర్పు చెప్పెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను అంతవరకు వారిమీద కత్తివలె వ్రేలాడుచుండెను. అయితే ఒకే లింగమువారి వివాహమును చట్టబద్ధముగా గుర్తించుటకు 2023 అక్టోబరులో సుప్రీముకోర్టు సమ్మతింపలేదు.

సినిమాలును టీ.వీ.యు ఏమి చేసినవి? అనేక సంవత్సరములు ఇట్టివారిని నవ్వులాటకే తెరమీదికి తెచ్చినవి. హాస్యగాడు చీర కట్టి నడుము త్రిప్పిన హాలంతయు ఈలలు. ఆ ఈలలు మరునాడు బడిలో ఏదో యొక మెత్తని పిల్లవాని వీపుమీద దెబ్బలైనవి. ఇప్పుడు కొంత మార్పు వచ్చినది. 2014లో కోయంబత్తూరులో ఒక ట్రాన్స్‌జెండరు స్త్రీ టెలివిజనులో వార్తలు చదివెను. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండరు డాక్టర్లు ఉద్యోగములో చేరినట్లు పత్రికలు వ్రాసినవి. 2024 డిసెంబరులో హైదరాబాదు వీధులలో వాహనములను క్రమపరచు పనికి ట్రాన్స్‌జెండరు వారిని పోలీసువారు తీసికొనిరి. ఇవి మంచి వార్తలే. అయినను చేతి ఫోనులలో ఒకరినుండి ఒకరికి పోవు ఎగతాళి బొమ్మలు తగ్గలేదు. వాటిని పంపువారిలో మన యౌవనస్థులును గలరు. తెరమీద చూచుట వేరు, ప్రక్కను కూర్చుండబెట్టుకొనుట వేరు. మొదటిది లోకము కొంతవరకు చేసినది. రెండవది సంఘము చేయవలసినది.

ఇంతకును మన సంఘము ఎట్లు పుట్టినదో మరచితిమా? 1866లో క్లౌదొర ఒంగోలు చేరెను. మాదిగ కులస్థుడైన యెర్రగుంట్ల పేరయ్యవంటివారు తమ జనులను ప్రభువునొద్దకు నడిపింపగా, పై కులములవారు వచ్చి, వీరిని చేర్చుకొన్నయెడల మేము రాము, మా పిల్లలను బడికి పంపము అనిరి. దొర మిక్కిలి కలవరపడెను. ఆ రాత్రి ఆయన ఒక గదిలోను, ఆయన భార్య మరియొక గదిలోను, ఒకరికొకరు చెప్పుకొనకయే బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడెను. దేవుడు లోకములో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని ఏర్పరచుకొనెనను భాగమది. పై కులముల పిల్లలు బడి విడిచిపోయిరి. దొర తలుపు మూయలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఏ సంఘమువారమైనను ఈ తెలుగుదేశములో మనలో అనేకులము అట్టి తలుపు గుండ వచ్చినవారి మనుమలమే. మన తాతలు ఊరి వెలుపల నిలిచినవారు, బావియొద్ద ఎవరో పోయువరకు కాచుకొన్నవారు. “లోపలివారు ఏమనుకొందురు?” అను మాట మొట్టమొదట మన తాతలనుగూర్చి పలుకబడినది. ఆ మాటను మనమే మరియొకరితో మెట్లమీద పలుకుట ఎంతటి మరపు!

అయ్యగారూ, పాపము సంగతి ఏమని మీలో కొందరు అడుగుదురు. లేవీయకాండము 18వ అధ్యాయమును, రోమా పత్రిక మొదటి అధ్యాయమును మాకు చూపుదురు. ఆ వచనములు మన బైబిలులో ఉన్నవి. మేము వాటిని దాచము. అవి ఎవరినిగూర్చి, ఎట్టి క్రియలనుగూర్చి చెప్పుచున్నవో అను విషయమున దేవభక్తిగల పండితులే ఏకీభవించుటలేదు. 2023 ఫిబ్రవరిలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండు మహాసభ ఒకే లింగమువారి జంటలకొరకు దీవెన ప్రార్థనలకు సమ్మతించెను. వివాహమునుగూర్చిన ఉపదేశమును మాత్రము మార్చలేదు. 1984నుండి స్వలింగ ప్రియులకు సేవాభిషేకము కూడదన్న నియమమును యునైటెడ్ మెథడిస్టు మహాసభ 2024లో తీసివేసెను. దానికి ముందే అమెరికాలో వేలకొలది సంఘములు ఆ వాదము మీద విడిపోయినవి. మన దేశపు క్రైస్తవులలో అత్యధికులు పాత ఉపదేశమునే పట్టుకొనియున్నారు. ఈ చిన్న పత్రికలో ఆ వాదమంతయు తీర్చుటకు మేము పూనుకొనము.

అయినను వాదమునకు చోటులేని సంగతులు కొన్ని కలవు. ఒక బిడ్డ ఫలాని రీతిగా పుట్టుట ఆ బిడ్డ చేసిన పాపము కాదు. ఆ బిడ్డను కొట్టి ఇల్లు వెడలగొట్టుట పాపము. సహోదరుని నీచమైన మాటతో పిలుచువాడు నరకాగ్నికి లోనగునని ప్రభువు కొండమీద చెప్పెను (మత్తయి 5:22). చప్పట్లు చరచువారిని మనము పిలుచు పేరు అట్టి మాటయే. వారు అడుగుకొని బ్రతుకుచున్నారని, ఒళ్లు అమ్ముకొనుచున్నారని నిందింతుము. పదునాలుగేండ్లకు ఇల్లు మూసి, బడి మూసి, గుడి మూసి, పని ఇయ్యక, ఇక ఏ త్రోవను పొమ్మందుము? ఆ పాపములో మన పాలు ఎంతయో న్యాయాధిపతియైన దేవుడు అడుగును.

తలిదండ్రులారా, మీ యింట అట్టి బిడ్డ యున్నయెడల మూడు మాటలు వినుడి. మొదటిది, కొట్టకుడి, దయ్యము పట్టెనని ఉపవాస కూటములలో పదిమంది నడుమ పట్టుకొని ఊపవద్దు, వైద్యము పేరట హింస పెట్టవద్దు. స్వలింగ ప్రేమ జబ్బు కాదని భారత మనోవైద్యుల సంఘము 2018లో ప్రకటించెను. దానిని మాన్పెదమని చేయు చికిత్సలు వైద్యులకు తగని నడవడియని జాతీయ వైద్య కమిషను 2022లో చెప్పెను. రెండవది, పెండ్లి చేసిన అన్నియు సర్దుకొనునని తలంపకుడి. ఆ పెండ్లిలో ఇంకొకరి కుమార్తె జీవితము, ఇంకొకరి కుమారుని జీవితము కూలిపోవును. మీ యింటి పరువు కొరకు పొరుగింటి బిడ్డను బలియిచ్చుట న్యాయమా? మూడవది, ఇంటినుండి పోనీయకుడి. 2019లో పార్లమెంటు చేసిన చట్టములో, ట్రాన్స్‌జెండరు అను కారణముచేత బిడ్డను తలిదండ్రులనుండి వేరుచేయరాదని వ్రాసిరి. చట్టము చెప్పకమునుపే తల్లి గర్భము ఆ మాట చెప్పవలసినది.

సంఘపెద్దలారా, గుమ్మమున నిలుచువారు మీరే. మీ చేతులలో తాళపుచెవి యున్నది. అట్టివారు వచ్చినయెడల ఎక్కడ కూర్చుండబెట్టవలెనని సభ చేయ నక్కరలేదు. వారు కోరిన ప్రక్కను, తల్లితో వచ్చినయెడల తల్లి ప్రక్కను కూర్చుండబెట్టుడి. పేరు అడుగుడి, చెప్పిన పేరుతో పిలువుడి. ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, మెత్తగా నడచు పిల్లవానిని, మగరాయునివలె తిరుగు పిల్లను తోటివారు ఏడిపించుచుండగా చూచి నవ్వకుడి. ఆ దినము మీరు నవ్విన నవ్వు వారికి ఇరువది ఏండ్లు జ్ఞాపకముండును.

ఇప్పుడు ఆ బిడ్డ సంగతి. ఆ ఈస్టరు తరువాత సంవత్సరము తిరుగకమునుపే తల్లి ప్రభువునందు నిద్రించెను. బిడ్డ మరల పట్టణమునకు పోయెను. చాలకాలమునకు మాకు ధైర్యము వచ్చి, వెదకికొని పోయి కలిసికొంటిమి. ఆమె ఒక చిన్న గదిలో ఉండి, నలుగురికి వంటచేసి కారియర్లు పంపుచున్నది. గోడకు తల్లి బొమ్మయు, దాని క్రింద తల్లి బైబిలును ఉన్నవి. క్షమించుమని అడిగితిమి. ఆమె కోపపడలేదు, మంచినీళ్లిచ్చెను. కొంతసేపు ఊరకుండి ఇట్లనెను: “అయ్యగారూ, అమ్మ పేరు ఆ సంఘపు రిజిష్టరులో ఉన్నది. నా పేరును అక్కడ చిన్నప్పుడు వ్రాసిరి, నేను పోయిన తరువాత కొట్టివేసిరట. మరల వ్రాయింతురా? పాత పేరు కాదు. ఇప్పుడు నన్ను పిలుచు పేరు వ్రాయించుడి. అమ్మ చివరి నెలలలో నన్ను ఆ పేరుతోనే పిలిచినది.”

మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోయితిమి. యెషయా 56వ అధ్యాయము ఐదవ వచనము మా గొంతున నిలిచినది. ఎన్నటికిని కొట్టివేయబడని పేరు ఇత్తునని దేవుడు చెప్పెను, మనము కొట్టివేసితిమి. ప్రభుత్వము ఒకప్పుడు ఇట్టివారి పేర్లను అనుమానితుల రిజిష్టరులో వ్రాసెను. ఆ రిజిష్టరు పోయినది. దేవుని జీవగ్రంథములో ఎవరి పేరున్నదో ఆయనకే తెలియును. మన చేతిలో నున్నది సంఘపు రిజిష్టరు ఒక్కటే.

ఆమె మనవిని సంఘ కమిటీ యెదుట పెట్టితిమి. ఇద్దరు పెద్దలు సరేననిరి, ముగ్గురు వద్దనిరి, కొందరు ఇంకను ప్రార్థించెదమనుచున్నారు. మెట్లమీద అడ్డము నిలిచిన పెద్ద ఏమియు చెప్పలేదు. ఆ సాయంకాలము మా యింటికి వచ్చి, వేపచెట్టు క్రింద తల్లి రొట్టె పెట్టుట తానును చూచితినని మాత్రము చెప్పి పోయెను. సంగతి ఇంకను తేలలేదు. తేలినట్లు వ్రాసి మిమ్మును సంతోషపెట్టుట మాకిష్టము లేదు. మీ సంఘములలోను ఇట్టి పేరు ఏదైన కొట్టివేయబడి యున్నదేమో, రిజిష్టరు తెరచి చూడుడని మాత్రము బ్రతిమాలుకొనుచున్నాము. ఉన్నయెడల ఆ బిడ్డ ఎక్కడ నున్నదో వెదకుడి. ఫిలిప్పు పరుగెత్తినది అటువంటి త్రోవమీదనే.

ప్రార్థన: మమ్మును వెదకి రక్షించిన ప్రభువా, ఊరి వెలుపల నున్న మా పితరులను నీ యింటిలోనికి తెచ్చితివి, వందనములు. లోపలికి వచ్చిన మేము తలుపు మూసికొన్న మా పాపమును క్షమించుము. ఎండిన చెట్లమని ఏడ్చుచున్న మా బిడ్డలను నీ వాగ్దానముతో ఓదార్చుము. వారిని నవ్విన మా నోళ్లను, కొట్టిన మా చేతులను, ఊరకున్న మా పెదవులను శుద్ధిచేయుము. నీవు ఆటంకపరచనివారిని మేము ఆటంకపరచకుండ కాపాడుము. నీ బల్లయొద్ద విరువబడిన రొట్టెలో వేపచెట్టు క్రింద నిలిచినవారికిని పాలున్నదని మాకు నేర్పుము. నీ కుమారుడైన యేసుక్రీస్తు ద్వారా వేడుకొనుచున్నాము. ఆమేన్.